నాకు గడ్డి పెట్టినవాడికి

రాత్రి రెండున్నరకి
ఒక నో బాల్ గురించి నువ్వూ నేనూ
నూట పద్నాలుగు మెసేజీల దాకా కొట్టుకున్నాం.
మడమ గీత మీదే ఉందని నేను. లేదని నువ్వు.
చివరికి
'పోయి గడ్డి ముట్టుకోరా' అని
నువ్వు లైటార్పుకుని పడుకున్నావు.

ఇంగ్లీషులోనే అన్నావులే, టచ్ గ్రాస్ అని.
నేనే తెలుగులో తిన్నాను.
గడ్డి పెట్టడం అంటే మాకేమిటో నీకు తెలీదు,
గడ్డి తినడం, గడ్డి కరవడం
అన్నీ ఉన్నాయి మా దగ్గర.
ముట్టుకోవడం ఒక్కటే కొత్త.

ఐదూ నలభైకి పనత్తూరు పీజీ మెట్లు దిగాను,
ఆరోగ్యం కోసం కాదు, కోపంతో.
'ఊరికా సార్?' అన్నాడు వాచ్‌మన్.
పదకొండు నెలల్లో ఆ వేళప్పుడు
నా మొహం చూడ్డం అదే మొదలు.

టెక్ పార్కు గేటు ముందు పచ్చగా కనిపిస్తే వంగాను.
ప్లాస్టిక్.
సిగరెట్లు ఆర్పిన చోటల్లా కరిగి గట్టిపడి ఉంది.
లేఅవుట్ పార్కులో నిజం గడ్డే,
గడ్డి మీద నడవరాదని రెండు భాషల్లో బోర్డు.
ముట్టుకోరాదనలేదు కదా అని
కమ్మీల్లోంచి చెయ్యి దూర్చబోయాను.
లోపల కుక్క మొరిగింది.
కుక్కని పట్టుకున్నావిడ మొరగలేదు, అంతే.

వర్తూరు చెరువు దాకా నడిచాను.
కంపు ముందొచ్చింది, నీళ్లు తర్వాత.
అక్కడుంది, నడుమెత్తు గడ్డి,
దాని లోపలెక్కడో కొడవలి చప్పుడు.

మునెక్క అట పేరు.
గుంజూరులో నాలుగు సీమావులు.
'ఏమప్పా, చూస్తా నిలబడితివే?
రవంత చెయ్యెయ్యి, మోపెత్తల్ల.'

తడిగడ్డి ఎంత బరువుంటుందో
నీకు తెలుసా? నాకు తెలీదు.
మొదటిసారి మోపు లేవలేదు, నేనే కూర్చున్నాను.
రెండోసారి ఆమె తల మీదికెక్కింది,
నా వేళ్ల సందుల్ని సన్నగా కోసుకుంటూ.
రక్తం రాలేదు. వస్తానని బెదిరించింది.

'దినమూ ఇదే పనా?' అన్నాను.
'గడ్డి ముట్టకుంటే
పొయ్యి ముట్టదు కదప్పా' అనేసి
మెడ నిటారుగా పెట్టుకుని
లారీల మధ్యలోంచి వెళ్లిపోయింది.

కట్ట మీద కూర్చుని
నీకు జవాబు రాద్దామని ఫోన్ తీశాను.
బొటనవేలు ఆనిస్తే
మళ్లీ ప్రయత్నించమంది.
ప్యాంటుకి తుడిచి ఆనించాను.
ఎవరు నువ్వన్నట్టు వణికింది.

నంబరు గుర్తుంది, కొట్టొచ్చు.
చెయ్యేమో మోచేతి దాకా దురద.
ఎర్రగా ఎండ పడుతోంది, ఒక కొంగ
నురగ పక్కన నిలబడి
నాకన్నా ఓపిగ్గా దేనికోసమో చూస్తోంది.

మడమ గీత మీదే ఉంది.
అది మాత్రం వదలను.
మధ్యాహ్నం తర్వాత చెబుతాను.