మూడో చక్రం దగ్గర

రేపు పొద్దున్నే జుగ్దిదికి దిగాలి.
దిగడమంటే ఇంగురి నది పక్కనే
నూటముప్పై కిలోమీటర్లు, మలుపు మీద మలుపు.
నిన్న పాలు పోసి వస్తుంటే బ్రేకు
నానిన రొట్టెలా కాలికింద కుంగిపోయింది.
ఎతేరి వాళ్ళ కంచెని ముద్దుపెట్టుకుని గానీ బండి ఆగలేదు.
గాలి చేరింది, అన్నాడు ముర్జా.
గొట్టంలో వేలెడు గాలి చాలట
ఇంత బండినీ గాలికి వదిలెయ్యడానికి.

ముర్జాకి వినపడదు.
రాతిగనిలో ఇరవై రెండేళ్ళు
డైనమైటు కొంచెం కొంచెంగా తినేసింది చెవుల్ని.
రేపటి ప్రయాణం అందుకే, చెవి మిషను కోసం.
వద్దంటాడు.
వెళ్ళాల్సిందే అని పలక మీద రాస్తాను.
మోచేత్తో చెరిపేస్తాడు.

ఈ పని ఒక్కరితో అయ్యేది కాదు.
ఒకరు పైన కూర్చుని తొక్కాలి, ఒకరు కింద పడుకుని మర తిప్పాలి.
మర బిగించకముందే కాలు లేచిందా,
పోయిన గాలి పోయినట్టే తిరిగొస్తుంది.
"తొక్కాను" అని నేనెంత అరిస్తే ఏం లాభం?
అందుకని బండి వీపుని మా రాతి గోపురం వైపు తిప్పించాడు.
నేను తొక్కితే గోడ మీద ఎరుపు పడుతుంది.
అది చూసి మర వదులు చేస్తాడు.
బిగించాక రెంచీతో ఒక్క దెబ్బ: వదులు.
రెండు దెబ్బలైతే: మళ్ళీ.

వెనక కుడి చక్రంతో మొదలు.
దూరంగా ఉన్నదాని సంగతి ముందు చూడాలట.
ఆలూబుఖారా పచ్చడి సీసాలోకి సన్నటి గొట్టం,
అందులోంచి కాగి కాగి నల్లబడ్డ టీ లాంటి ఆయిలు.
మధ్యమధ్యలో దిగి డబ్బాలో కొత్తది పోస్తాను.
రంగు మీద చుక్క పడితే రంగు లేచిపోతుంది,
కొంగు లేదు గనక తలగుడ్డతో తుడుస్తాను.

తొక్కు, పట్టు, వదులు. తొక్కు, పట్టు, వదులు.
ఎంతసేపని ఊరికే కూర్చోను?
మాట్లాడటం మొదలుపెట్టాను.
తలుపులు వేసున్నాయి, అద్దాలు ఎక్కించున్నాయి.
మొదటి చక్రానికి కోళ్ళ సంగతి చెప్పాను.
రెండోదానికి,
మీ అక్క చావుకి నాకెందుకు ఏడుపు రాలేదో చెప్పాను.
గాలి మాటలే అన్నీ.
బండి కింద బుడగలు పోతున్నాయి,
బండిలో నేను.

మూడోది ముందు కుడి చక్రం.
అక్కడ పడుకుంటే, బండి కిందుగా
గోడ అడుగు జానెడు కనపడుతుందట అతనికి.
తొక్కి పట్టుకున్నాను. చిన్నద్దంలో రాళ్ళు ఎర్రబడ్డాయి.
వాటితోనే అన్నాను:
నీ చెవులు పోయిన మొదటి ఏడాది, ముర్జా,
నాకు హాయిగా ఉండేది.

కాలు లేచింది.
నేను ఎత్తలేదు, అదే లేచింది.
గోడ నల్లబడింది.

కింద కాసేపు ఏమీ లేదు.
కుక్క వచ్చి సీసా వాసన చూస్తే "ఛీ" అన్న మాట మాత్రం వినపడింది.
తర్వాత రెండు దెబ్బలు.

మళ్ళీ తొక్కాను, పళ్ళు బిగించి.
పదిసార్లో, పదిహేనుసార్లో.

నాలుగోది అయ్యేసరికి చీకటి, పొడిపొడిగా మంచు.
పెడలు సగంలోనే రాయిలా నిలబడింది.
ముర్జా పాక్కుంటూ బయటికొచ్చాడు, జుట్టునిండా గడ్డి.
సీసా దీపానికి ఎత్తి చూసి, మూత బిగించి,
పలక తీసుకున్నాడు.
ఎడమ దీపం మసకగా ఉంది, బల్బు కొనాలి.
దాని కింద, చిన్న అక్షరాలతో:
మూడో చక్రం దగ్గర ఏమన్నావు?

సుద్ద చాలాసేపు నా చేతిలోనే ఉంది.
తిరిగొచ్చేటప్పుడు చెబుతాను, అని రాశాను.
వచ్చేదారి అంతా ఎక్కుడే.
బ్రేకుతో పనుండదు.