నలభై మూడో పొయ్యి

నలభై మూడు పొయ్యిలు కట్టించిన,
ప్రాణహితకు ఇవతల, జింగానూరు దాటినంక
బస్సు సుత వెనక్కి మళ్లే కాడ.
ఒక్కో పొయ్యికి ఒక్కో నంబరు, ఎర్ర రంగుతోని.
రంగు ఆరకముందే ఫోటో.
ఫోటోల పొయ్యి పక్కన ఆడమనిషి నవ్వాలె
అని గైడులైన్ల ఏడో పేజీల ఉన్నది.

నవ్వుమని మాడియాల ఎట్ల చెప్పాల్నో
నాకు అప్పటికి రాదు.
ఇంట్ల సిరొంచ తెలుగు,
బళ్లె మరాఠీ,
జీతం ఇంగ్లీషుల.
నేనే నవ్వి చూపించిన.
నన్ను చూసి వాళ్లు నవ్విన్రు.
అదే ఫోటో.

పొగ చెడ్డదని చెప్పిన.
అబద్ధం కాదు, మా అమ్మ దగ్గు విని పెరిగినోన్ని.
చార్టు విప్పి
ఎర్ర ఊపిరితిత్తులు, నల్ల ఊపిరితిత్తులు చూపిస్తే
మడావి జుర్రె చాలాసేపు చూసి
"ఇది ఏ జంతువుది?" అన్నది.

యాడాదికి మళ్ల పోయిన.
పొయ్యిల మంట లేదు, కోడి ఉన్నది.
పదకొండు గుడ్ల మీద రెక్కలు పరుచుకొని
నా దిక్కు ఒక్క కన్నుతోని చూసింది.
గొట్టం నోట్లె గుడ్డ పేలిక, పిల్లి దూరకుండ.
పాత మూడు రాళ్లు పాత జాగల్నే,
బూడిద ఇంకా వెచ్చగ.

కోపమొచ్చింది. రావద్దు, కాని వచ్చింది.
జుర్రె ఏమనలే.
లోపలికి పిలిచి మీదికి చూడుమన్నది.
దూలానికి కట్టిన మక్క కంకులు,
వచ్చే వానకాలానికి విత్తనం.
ఒక్కటి కదిలిస్తే పిండి పిండి
నా మెడ మీద రాలింది.
కప్పు గడ్డిల చెద.
వెదురు వాసాలల్ల ఎవరో పండ్లు కొరికినట్టు
పురుగుల సప్పుడు.
నంబరు నలభై మూడు
పొగను పద్ధతిగ గొట్టంల పెట్టి బయటికి పంపింది.
పొగ ఎంబడి ఇంకేమేం పోయినయో
రాయటానికి మా ఫారంల గడి లేదు.

ఆ రాత్రి నివేదికల "సవాళ్లు" అన్న కాడ
పెన్ను ఆగింది.
మూడు వందల అక్షరాలు దాటొద్దట.
"అలవాట్లు మారటానికి సమయం పడుతుంది."
నేను రాసిన అబద్ధాలల్ల
అన్నిటికంటె మర్యాదైనది అది.

ఎనిమిది దినాలకు మారిట్ వచ్చింది,
పైసలిచ్చినోళ్ల మనిషి.
మాఘమాసం ఎండకే చెవులు కమిలినయి.
మంచిది. ఎక్కిరిచ్చి చెప్తలేను, నిజంగ మంచిది.
బూట్లు బయట ఇడిసింది, వంగి లోపలికొచ్చింది,
ఆనపకాయ బుర్రల ఇచ్చిన జావ
అడుగు దాక తాగింది.
నాకు మాత్రం గుండెల కోడి కొట్టుకుంటాంది.

కోడి లేదు.
పొయ్యి అలికి ఉన్నది. ఎండు పుల్లలు,
మంట, మంట మీద కుండ.
జుర్రె ముందట కూసొని నవ్వుతాంది,
ఏడో పేజీల ఉన్నట్టే.

"రోజూ దీని మీదనే వండుతదా? అడుగు."
అడిగిన.
జుర్రె నవ్వు దించకుండనే మాడియాల అన్నది:
"ఏం చెప్పాల్నో నువ్వే చెప్పు బిడ్డా, అదే అంట.
మొన్న సైకిలు మీద వచ్చినోడు చెప్పిండు,
ఇది మండకపోతే నీ నౌకరి ఉండదట."

మారిట్ పెన్ను పట్టుకొని నా నోటి దిక్కు చూస్తాంది.
నలభై ముగ్గురికి సాయం చేసిన అని
తిరిగిన దారి మొత్తం
ఒక్కసారి కాళ్లల్లకు వచ్చింది.

మాటకు మాట తర్జుమా చేసిన.
కోడితో సహా.

మారిట్ రాయలే.
కొంచెం సేపటికి "గుడ్లేవి?" అన్నది.
మూలకున్న గంప ఎత్తింది జుర్రె.
లేపిన కోడి మళ్ల వాటి మీద కూసోలేదట.
ఒక గుడ్డు తీసి చెవి కాడ పెట్టుకొని
మెల్లగ ఊపింది. మారిట్‌కొకటి ఇచ్చింది.
నాకొకటి.

ముగ్గురం, చెవులకు సల్లటి గుడ్లు ఆనిచ్చుకొని,
ఏమన్న ఇనొస్తదా అని
పొయ్యి ముందట కూసున్నం.
గొట్టంల నుంచి పొగ
బుద్ధిగ బయటికి పోతనే ఉన్నది.