సుద్దగీత

మొదట నేను స్కేలునే అనుమానించాను.
ఇరవై ఆరేళ్ళ ఇనప స్కేలు.
సైదాపేట బజార్లో కొన్న రోజు నుంచీ
నూలుపోగంతైనా అబద్ధమాడనిది.
దాని అంచునే గీసిన సుద్దగీత
ఆకుపచ్చ పట్టు మీద, సరిగ్గా మధ్యలో,
నీళ్ళలో ముంచిన పుల్లలా వంగింది.

తుడిచి మళ్ళీ గీశాను.
మళ్ళీ వంగింది.
ట్యూబులైటుదే తప్పని కొత్తది వేయించాను.

ఆ వారం రెండు జాకెట్లు తిరిగొచ్చాయి.
"అక్కా, కై కోణలా ఇరుక్కు" అంది సెల్వి,
పోట్లాటగా కాదు, సిగ్గుపడుతూ,
తప్పు తనే చేసినట్టు.
హుక్కులు కుట్టే మెహరున్నీసా
"నీ మీద ఎవరికో కన్ను కుట్టింది తాయారక్కా" అని
ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేసింది.
ఘాటు రాలేదు.
చూశావా, అంది.

నుంగంబాక్కం కంటాసుపత్రిలో
చుక్కలు వేసి బెంచీ మీద కూర్చోబెట్టారు.
అందరూ కళ్ళు మూసుకుని
తమ పేరు కోసం చెవులు రిక్కించినవాళ్ళే.
నాది శుక్లమేలే అనుకున్నాను,
కోతకి ఎంతవుతుందో లెక్కేసుకుంటున్నాను.
డాక్టరమ్మ చిన్నపిల్ల, చల్లని చేతులు.
కుడి కంట్లోకి దీపం దించి
పైకి చూడండి, కిందికి, నా చెవి వైపు, అంటూ
చాలాసేపు వెతికింది.
తర్వాత కుర్చీ వెనక్కి జరిపి
కంటి సంగతి వదిలేసి అడిగింది:
"అమ్మా, ఇంతకు ముందు పెద్ద ఆపరేషన్ ఏదైనా జరిగిందా?"

నా చెయ్యి కంటి దగ్గరికి పోలేదు.
ఎడం పక్కకి, పైట కిందికి పోయింది.

ఎనిమిదేళ్ళు.
అక్కడ ఇప్పుడు నేను కుట్టుకున్న గుడ్డసంచి ఉంది,
సజ్జలు నింపి,
రెండో పక్క బరువుకి సరిపోయేలా తక్కెట్లో తూచి.
అడయారులో కోత అయి వచ్చిన ఆడవాళ్ళకి
అలాంటివి నూట నలభై దాకా కుట్టిచ్చాను.
డబ్బు తీసుకోలేదు, కొలతలే తీసుకున్నాను.
వానాకాలం సజ్జలకి పురుగు పట్టేది.
దులిపి, కొత్తవి పోసుకుని, నవ్వుకునేవాళ్ళం.

డాక్టరమ్మ చీటీ వెనక బొమ్మ గీసింది.
కంటి లోపల వెనగ్గా ఒక పొర ఉందట.
లైనింగులాగానా, అంటే
అలాగే అనుకోండి, అంది.
నెత్తురు ఎక్కువగా పారే చోటట.
రొమ్ములో కత్తికి దొరక్కుండా జారుకున్నది
ఇన్నేళ్ళూ ఎక్కడెక్కడో తిరిగి
అక్కడ దిగిందట.
లైనింగు ఉబ్బితే పైబట్ట ముడతపడుతుంది.
అది నాకొకరు చెప్పక్కర్లేదు.
స్కేలుకి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

మౌంట్ రోడ్డంతా
ఒక్కో దీపం చుట్టూ పీచుమిఠాయి.
బస్సులో పక్కామె "ఏడుస్తున్నారా?" అంది.
"చుక్కలు వేశారు" అన్నాను.

పది రోజులు కరెంటు పెట్టాలన్నారు.
దానికి ముందు మొహానికి కొలత.
వేడినీళ్ళలో మెత్తబడ్డ తెల్లని జల్లెడని
నా మొహం మీద పరిచి
దేవసహాయం అనే కుర్రాడు వేళ్ళతో అద్దాడు,
ముక్కు పక్కన, గడ్డం కింద, కణతల దగ్గర.
మంచి చెయ్యి. తొందరపడడు.
"కదలకండి" అన్నాడు.
ఎన్ని వేలమందికి చెప్పానో ఆ మాట,
నోట్లో గుండుసూదులు పెట్టుకుని.
జల్లెడ చల్లారి బిగుసుకుంటుంటే
లోపల్నుంచే గొణిగాను:
బాబూ, అరంగుళం వదులు ఉంచు,
మనిషి రేపు ఇదే కొలతకి ఉండదు.
"దీనికి వదులు ఉండకూడదమ్మా" అన్నాడు.

సెల్వి జాకెట్టు మెహరున్నీసా కత్తిరించింది.
కత్తెర పట్టుకునేటప్పుడు నా వైపు చూసింది.
నేను సందులోకి చూస్తూ ఉన్నాను.

ఇప్పుడు పొద్దున్నే కొట్టు తీసే ముందు
ఎడం కన్ను అరచేత్తో మూసి
షట్టరు మడతలు పై నుంచి చూసుకుంటూ వస్తాను.
నాలుగోది ఇంకా వంగే ఉంది.
నిన్నటికంటే తక్కువా?
ఐదోది కూడానా?
మెహరున్నీసాని అడగలేను.
దానికి అన్నీ తిన్నగానే కనబడతాయి.