కట్టె వంపు

ఇరవై రెండేండ్లు కోఠీ బ్యాంకు గేటు కాడ
నా భుజానికి వేలాడిన దునాలీ తుపాకి
ఒక్కసారి కూడా నోరు తెరవలే.
పాస్‌బుక్కుల లైన్లు సరిచేసింది,
పింఛను అవ్వలకు కౌంటర్ దిక్కు దారి చూపింది,
పగటీలి నేను టిఫిన్ గిన్నె తెరిస్తే
పస్తున్న చుట్టం లెక్క
గోడకు ఆనుకొని చూసింది.

రిటైరైనంక అమ్ముదామనుకున్న.
అమ్మేముందు నూనె పెడుదామని
మడమ పలక మరలు విప్పిన.
లోపల పేరు లేదు, చీటి లేదు.
కట్టె మాత్రం కొంచెం
ఎడమకు వంగి ఉంది.

ఆ వంపు నాకు ఎరుకే.
పటాలంల ఇచ్చిన తుపాకి ఏదైనా చెంపకు కుదిరేది,
ఇది ఎన్నడూ కుదరలే.
మెడ ముడుచుకోవాలె, మోచెయ్యి ఇరికించుకోవాలె,
పొట్టి మంచంల పండుకున్నట్టు.
ఇన్నేండ్లు తప్పు నా ఒంటిదే అనుకున్న.

ఆబిడ్స్ దుకాణంల హోర్మస్ సేఠ్ కొడుకు
కండ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి నవ్విండు:
"ఎడమచేతి వాటానికి వంచిన కట్టె, సైదులు భాయ్.
కాగిన నూనె పోసి, బిగించి, మెల్లగ వంచుతరు.
పొడుగు గూడ ఇంచిన్నర కోసిండ్రు, చూడు."
పురుగు తిన్న రిజిస్టర్ల వేలు పెట్టి చదివిండు:
మీర్ షుజాత్ అలీ, మల్లేపల్లి.
ఎత్తు: ఆరడుగుల మూడంగుళాలు.

ఆరడుగుల మనిషి
కట్టె పొట్టిగ ఎందుకు కోయించుకున్నడు?

మల్లేపల్లిల ఆ ఇంటి జాగల
నాలుగంతస్తులు, ఆరు కరెంటు మీటర్లు.
ఎదురుంగ కుక్కర్లు బాగుచేసే ముసలాయన
పేరు వినంగనే రబ్బరు రింగు కింద పెట్టిండు.
"షుజాత్ సాబా? కుడిచేతి మనిషి.
క్యారమ్‌ల నా చాయ్ పైసలన్నీ ఆయనవే.
లైసెన్సు ఆయనది గని, బందూకు ఆయనది కాదు.
తయ్యిబా బేగంది."
అరచెయ్యి తన రొమ్ము కాడ ఆపి చూపించిండు:
"గింతే ఉండె."

మసీదు సైరన్ చెడిపోయిన ఏడు
రంజాన్ నెలంతా
గుళ్లు తీసిన తూటాతో ఆమె మేడ ఎక్కేదట.
గడియారం చూసేది షుజాత్ సాబు,
పేల్చేది ఆమె.
ఆ చప్పుడుకే గల్లీ అంతా
ఖర్జూరం నోట్లె పెట్టుకునేదట.
పావురాలు ఒక చక్కర్ కొట్టి
మళ్ల అదే పిట్టగోడ మీద వాలేవట.
"సైరన్ బాగైనంక గూడ
కొన్నొద్దులు అందరం ఆమె దిక్కే చూసినం."

ఎట్లుండె చప్పుడు? అని అడిగిన.
కుక్కర్ మూత మీద అరచేత్తో కొట్టిండు.
"ఊహూఁ."
లేచి షట్టర్ మీద గుద్దిండు.
పక్క దుకాణపోడు తొంగిచూసిండు.
"ఇట్ల గూడ కాదు," అని కూసున్నడు,
కుక్కర్ సీటీ విప్పుకుంట.

ఆమె పోయిన నెలకే అమ్మేసిండట.
ఎవరికి పోయిందో ఎవ్వరం అడగలే, అన్నడు.
నా కాడనే ఉంది, అన్న.
ఆయన నా భుజం దిక్కు చూసిండు.
ఆ పూట అది ఖాళీగ ఉండె.

ఎలక్షన్లచ్చినయి. తుపాకులన్నీ
ఠాణాల జమ చెయ్యాలె.
ఫారం మీద "యజమాని" అన్న కాడ
నా పేరు రాసి, పెన్ను ఎత్తకుంట
కొంచెం సేపు ఆగిన.
అప్పగించే ముందు, ఏమనిపించిందో,
ఎడమ భుజానికి ఎత్తుకున్న.
పొట్టిదే, నాకు ఎప్పటికైనా పొట్టిదే.
కని చెంప పోయి ఒక గుంటల కూసుంది,
ఎవరో రోజూ ఆనించి
నున్నగ చేసిన గుంట.

"ఏయ్ పెద్దమనిషీ! దించు, దించు!"
ఎస్సై కుర్చీ ఎనుకకు పడ్డది.

దించిన.
రసీదిస్తే ఎడమ చెయ్యి చాపిన.
మా అవ్వ చూస్తే
మెటికల మీద ఒక్కటి ఏసేది.