తాళం పడలేదండి

పర్లాకిమిడిలో మా కొట్టు బోర్డు మీద
ఒడియా పెద్దక్షరాలు, తెలుగు చిన్నక్షరాలు,
రెండింటిలోనూ ఒకటే మాట: రిపేర్లు.
ప్రమోదిని టీచరమ్మ లాప్‌టాప్ తెచ్చి
"వేడెక్కీసి ఆగిపోతంది బాబూ,
లోపలిది ఏదీ పోకూడదు" అంది.
లోపల ఏముందని అడగలేదు.
అడక్కపోవడం మా పనిలో సగం.

దుమ్ము దులిపి, పేస్టు మార్చి,
వేడి తగ్గిందో లేదో తెలియాలంటే
బరువైనదేదో నడిపి చూడాలి కదా,
అలా తెరిచాను ఆ ఆట.
అది సాకని నాకూ తెలుసు.

ఆటలో ఒక ఏరు. గట్టున ఇల్లు.
తొమ్మిదేళ్ళ పిల్ల. తల్లి.
"మీ నాన్న పడవేసుకెళ్ళాడు, నీళ్ళు తగ్గాక వస్తాడు"
మొదటి రాత్రే చెప్పేస్తుంది, వల కుడుతూ, తలెత్తకుండా.
పెరట్లో కొట్టం, దానికి తాళం.
మూడు రాత్రులు కొంగున వేలాడిన తాళంచెవి
నాలుగో రాత్రి బియ్యం డబ్బాలో దొరుకుతుంది.
దాచిందా?
దొరకాలని పెట్టిందా?

టీచరమ్మ ఆట ఆపి దాచుకున్న చోట్లు పన్నెండు.
పన్నెండూ ఆ కొట్టం తలుపు ముందే.
తేదీలు చూస్తే మూడు వానాకాలాలు.
'తెరువు', 'వెనక్కి వెళ్ళు', రెండే మాటలు తెర మీద.
పన్నెండుసార్లూ వెనక్కే వెళ్ళిందావిడ.

నేను తెరిచాను.
పడవ అక్కడే ఉంది, బోర్లించి.
అడుగు చెక్కకి తడి తగిలి ఎన్నేళ్ళయిందో,
దాని కింద కోడి పొదుగుతోంది.

పని నేర్చుకునే దండాసి
నోట్లో స్క్రూడ్రైవరు తీయకుండానే
"సంపీసింది గురూ ఆడ్ని" అన్నాడు.
వాడికి పందొమ్మిది. ప్రతి అబద్ధం కిందా శవం ఉండాలి.
"మరి తాళంచెవి ఎందుకు దొరకనిచ్చింది?"
"కథ నడవాల గదా!"
అదీ నిజమే.

నాకు మాత్రం అతను నడిచి వెళ్ళాడనిపించింది.
పట్టపగలు, చెప్పులేసుకుని.
నడిచి వెళ్ళినవాడి కోసం పిల్ల ఏ వైపు చూడాలి?
ఊళ్ళో దారులన్నీ అతనివే అవుతాయి.
పడవంటే ఒక్క ఏరు, ఒక్క గట్టు,
కాసేపు కూర్చుని చీకటి పడితే లేచి రావచ్చు.
లేకపోతే ఇదంతా ఆమెకి నేను అప్పిచ్చిన మంచితనమేమో.
పరువు కోసం ఆడి ఉండొచ్చు.
ఆ పూటకి నోటికొచ్చిందే అయ్యుండొచ్చు.

మా నాన్న కొమ్ముతో కొంగలు చెక్కేవాడు.
"మీయమ్మ సిన్నబండిలో వస్తాది" అనేవాడు.
నౌపడ నుంచి కూత వినబడగానే
గేటు దాకా పరిగెత్తేవాణ్ణి.
ఒక ఏడు పట్టాలు పీకేశారు, పెద్దబండి వేస్తామని.
ఆ రాత్రి నాన్న కొంగ మెడని
అరగదీసీ అరగదీసీ విరగ్గొట్టాడు.
"పెద్దబండికి పనవుతంది గదా,
ఆలీసమవుద్ది" అన్నాడు.

పెద్దబండి వచ్చేసరికి నాకు మీసాలొచ్చాయి.
నేను గేటు దాకా వెళ్ళలేదు.
ఆయనే వెళ్ళాడు,
గరుకు కాయితం కొనాలని వంక పెట్టి,
ఉతికిన చొక్కా తొడుక్కుని.
అన్నేళ్ళూ ఆ మాట ఎవరికి చెప్పుకున్నాడో
ఆ రోజు మొదటిసారి అనుమానం వచ్చింది.

శనివారం టీచరమ్మ వచ్చింది.
ఆరొందలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టి,
వెళ్ళబోయి ఆగింది.
"ఆడేరా?"
దండాసి స్క్రూల డబ్బాలో ఏదో వెతకడం మొదలెట్టాడు.
"కొంచెం. వేడి చూద్దామని."
"తలుపు?"
పదమూడోది నాది. ముందు రాత్రే చెరిపేశాను.
"తాళం పడలేదండి" అన్నాను.

లెక్క తప్పని తెలిసీ మార్కులేసేటప్పుడు
టీచర్లు చూస్తారే, అలా చూసింది.
"అవున్లే, అది తుప్పు తాళం" అంది.

మహేంద్రతనయ వంతెన వైపు నడిచింది.
సన్నగా జల్లు మొదలైంది.
గొడుగు సంచీ మీద పట్టింది,
తన మీద కాదు.