గ పలకని పెట్టె

గురువారం ఒక్కరోజే నేను ఆ బడికి టీచర్ని.
వ్యాసర్పాడిలో బస్సు దిగి, చేపల బుట్టలు దాటి
లారీషెడ్డు గోడ పక్కనుంచి నడిస్తే
నీలం గేటు, కార్పొరేషన్ ప్రాథమిక పాఠశాల.
మధ్యాహ్నం రెండూ పది నుంచి రెండూ యాభై దాకా
మూడు తరగతులకూ కలిపి ఒకటే సంగీతం,
పప్పు బస్తాలు పెట్టే గదిలో,
సాంబారు వాసన ఇంకా ఆరని చాప మీద.

పెట్టె వయసులో నాకంటే పెద్దది.
రిటైరైన పోస్ట్‌మాస్టర్ ఎవరో దానమిచ్చారట.
తిత్తికి సైకిల్ ట్యూబు ముక్క నేనే అంటించాను.
స పలుకుతుంది, రి పలుకుతుంది,
గ దగ్గర మాత్రం ఉత్త గాలి.
ముసలాయన నిద్రలో ఊపిరి వదిలినట్టు.
మళ్ళీ మ నుంచి ఏమీ జరగనట్టే నడుస్తుంది.

మొదటి వారం పిల్లలు నవ్వారు.
రెండో వారం, ఆ ఖాళీలో
ఎవరో "గా" అన్నారు.
వెంట్రుకవాసి తేడా లేదు.
వెతికితే మూడో తరగతి ఎస్తేరు,
పై పళ్ళు రెండూ ఊడిన నోరు ఇంకా తెరిచే ఉంది.
తాత నెల్లూరు వైపునుంచి వచ్చి ఈ ఊరి కాలవల్లో దిగాడు,
నాన్న ఇప్పుడు చెత్తలారీ మీద.
ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం,
అక్షరాలు రెంటిలోనూ కూడబలుక్కోవడమే.
"ఎవరు నేర్పారే?" అంటే
"పెట్టె మరిచిపోయింది గదా టీచర్, గుర్తు చేశా" అంది.

అప్పట్నుంచి ఆమె చోటు నా కుడి మోకాలి పక్కన.
జంట వరసలు వేగం పెంచితే
రొప్పుతూ వెంట పరుగెత్తేది,
ఒక్క గ కూడా నేల రాలనిచ్చేది కాదు.
జ్వరమొచ్చి రాని గురువారం
పాఠమంతా బోసినోరు.
పేరు పోయింది. బడంతా "గా" అనే పిలిచేది.
బెంచీ మీద తాళం వేసే ఇర్ఫాన్ అయితే
"ఏయ్ గా, నీళ్ళు తాగొచ్చుకో, వేగం పెంచుతున్నా" అనేవాడు.

జనవరిలో జోనల్ పోటీ కాగితం వచ్చింది.
బడికి ఎనిమిది మంది. ఆరు నిమిషాలు. తెల్ల బూట్లు తప్పనిసరి.
ముప్పైనాలుగు మందిలోంచి ఎనిమిది!
రాళ్ళేరడం కాదది,
బియ్యంలోంచి బియ్యం ఏరడం.
హెచ్చెమ్ మంగైయర్కరసి గారు కొడుకు కీబోర్డు తెచ్చి
"ఇందులో అన్నీ పలుకుతాయి" అన్నారు సంతోషంగా.
నిజమే. అన్నీ పలికాయి.
ఎస్తేరు గొంతు కింద బరువు, పైకెళ్తే జీర.
ఎనిమిదిలో ఆమె పేరు రాయలేదు. నేనే.
బూట్ల సంగతి కూడా మనసులో ఉంది,
అది ఎవరితోనూ అనలేదు.

పెరంబూరు పెద్దబడి హాలు. మైకు కీచుమంది.
ఎనిమిది జతల బూట్లు, అందులో నాలుగు అరువువి.
రెండో చరణంలో, ఆ మలుపు దగ్గర,
ఏడు నెలల అలవాటు
నా వేలు దానంతటదే లేచింది.
కీబోర్డు ఆగింది. పిల్లలు నా వంక చూశారు.
అప్పుడు వెనక, చివరి వరస కుర్చీల్లోంచి,
కాళ్ళు ఇంకా నేలకు అందని చోటునుంచి
ఒక "గా".

జడ్జిగారు కళ్ళజోడు సర్దుకుని ఏదో రాశారు.
మాకు ఏ బహుమతీ రాలేదు.
షేర్ ఆటోలో అందరూ బజ్జీలు తింటుంటే
నా కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ
"మన పెట్టెను బాగుచేయిస్తారా టీచర్?" అంది.
అడిగిందో, భయపడిందో.
"రీడు దొరకట్లేదమ్మా" అన్నాను.

నవంబరులోనే దొరికింది,
ప్యారిస్ వెనక సందులో, నూట ఎనభై రూపాయలు.
బిగించడం అరగంట పని అన్నాడు.
హ్యాండ్‌బ్యాగులో, బస్ పాస్ పక్కన,
న్యూస్‌పేపరు ముక్కలో చుట్టి ఉంది.
రేపు గురువారం.