చెంచెడు పొడి

మొదటి దినం అద్దపు తలుపు ముంగట
పీటేసుకొని కూసున్నది మా అత్త అండాలు.
లోపల బట్టలు ఎగురుతున్నయి, పడుతున్నయి.
నీళ్లు మాత్రం
పిల్లి తాగి ఇడిచిపెట్టినన్ని.

"గిన్ని నీళ్లకు గోచి సుత తడ్వదు.
డిపోల పన్నెండు గంటలు నిలవడ్డ ఖాకీ
ఎట్ల తెల్లగైతదే సుగుణా?"
ఖాకీ తెల్లగైతే నౌకరి పోతదత్తా, అన్న.

నేను రూటు మీదికి పోయినంక
సబ్బు సొరుగు గుంజి చెంబెడు నీళ్లు కుమ్మరించింది.
పైనుంచి పొడి, పిడికెడు కాదు, రెండు పిడికెళ్లు.
చిన్నప్పుడు సౌడు మన్ను ఏసి ఉడకేసిన చెయ్యి అది,
కొలత దానికి ముందే తెలుసు.
నేనొచ్చేసరికి
అద్దం నిండ నురుగు, కల్లు కుండ పొంగినట్టు.
ఎన్నిమార్లు జాడిచ్చినా
ఇంకా ఉన్నది, ఇంకా ఉన్నది అనుకుంట తిరుగుతనే ఉన్నది మెషిన్.

ఎండకాలం నడిమిట్ల వాసన మొదలైంది.
ఉతికిన బట్టలకే ముక్కిన వాసన.
తలుపు చుట్టున్న రబ్బరు మడతల ఏలు పెడితే
నల్లటి జిగట.

కొండమల్లేపల్లి నుంచి జహంగీర్ వచ్చిండు బండి మీద.
చెప్పులు బయట ఇడిచి, రేకుకు చెవి ఆనిచ్చి విన్నడు.
"ఇది తక్కువ తాగుతది అక్కా, తక్కువ తింటది.
పొడి చెంచెడు.
అంతకు మించితే దీనికి అరగది."

కింద మూలకు చిన్న మూత. తిప్పిండు.
తాంబాళంల నీళ్లు పట్టి
జాలిలకెంచి ఒక్కొక్కటే తీసి బండల మీద పెట్టిండు:
జాకెట్ హుక్కు,
టికెట్ల ముద్ద,
చిన్నోడు పోయిందని రాత్రంత ఏడ్చిన గోలి,
రెండ్రూపాల బిళ్లలు ఏడు.
"ఇగో, ప్యాసింజర్లకు నువ్వియ్యని చిల్లర" అని నవ్విండు.

నాకు నవ్వు రాలే.
నిరుడు డిండి కాడ దిగిన ఒక ముసలాయన
రెండ్రూపాల కోసం
బస్సు కదిలినంక సుత చెయ్యి చాపి నిలవడ్డడు.
చిల్లర లేదన్న. రెండు పేర్ల విజిల్ ఊదిన.
ఇక్కడున్నదా అది, ఇన్నొద్దులు, నా ఇంట్లనే?

వెనక రేకు ఇప్పి వేడి కడ్డీ గుంజిండు జహంగీర్.
తెల్లగ, పెచ్చులు పెచ్చులుగ, సున్నం గట్టిన కుండ లెక్క.
"బోరు నీళ్లేనా?"
నల్లా వస్తది, దినం ఇడిచి దినం. ఇడిచిన దినం బోరే.

అత్త లేచింది.
లేచుడంటే, మొదలు గోడ పట్టుకొని, తర్వాత తలుపు,
తర్వాత నా భుజం.
మర్రిగూడ దిక్కు పుట్టిన మనిషి,
పండ్ల మీద మట్టిరంగు చారలు.
కడ్డీ మీది పెచ్చును గోటితోని గిల్లి
రెండేళ్ల నడుమ నలిపి చూసింది.
"నా మోకాళ్లల్ల ఉన్నది గిదేనా?"

స్క్రూడ్రైవర్ చేతిలనే ఆగింది.
"అది వేరేనేమో అమ్మా" అన్నడు,
ఇంక ఏమనాల్నో తెల్వక కడ్డీ దిక్కు చూసుకుంట.
"నెలకోపారి నిమ్మఉప్పేసి, బట్టలేయకుంట,
తొంభై డిగ్రీల మీద ఉత్తగ తిప్పుండ్రి. కరిగిపోతది."

కరిగిపోతది, అన్నది అత్త.
మళ్లొకపారి మెల్లగ అన్నది.

ఇప్పుడు మెషిన్ ఆమెదే.
చెంచ ఎవ్వరికియ్యది.
పాత ధోతి పేలికతోని రబ్బరు మడత తుడిచి
తలుపు బెత్తెడు తెరిచి పెడతది, దానికీ గాలాడాలె అంటది.
నా ఖాకీ జేబులు తిరగేసి మరీ దులుపుతది.
దొరికిన బిళ్లలు పచ్చడి సీసల.
పొద్దుగాల డ్యూటీకి పోయేటప్పుడు ఆ సీస
నా సంచిల గలగలమంటది.

నెల మొదటి ఐతారం
ఉత్త మెషిన్ వేడెక్కి తిరుగుతుంటె
పీట దగ్గరికి జరుపుకొని
రెండు మోకాళ్లు అద్దానికి ఆనిచ్చి కూసుంటది.
నేను ఏమనను. కూరగాయలు తరుగుత.
గంటన్నరకు పీకుమంటది మెషిన్.
అద్దం సల్లారిందాక
లేవది.